గాలపు కర్రకు పుత్తూరు కట్టు

ఏరు లేని దేశంలో కూర్చుని ఏటికి తగిన గాలపు కర్రను ఎంచుకోవలసిన అవసరం మానవజాతిలో బహు కొద్దిమందికి కలుగుతుంది. మురళీధర్‌కు కలిగింది. అదీ ఎప్పుడు? పొరుగు దేశపు ట్యాంకులు వచ్చి జాబ్రియా వీధి మలుపులో తిష్ఠ వేసి, కువైత్ అనే దేశం ఇక లేదు, మీరంతా మా పంతొమ్మిదో జిల్లా అని రేడియోలో ప్రకటిస్తున్న రోజుల్లో. ఊళ్ళో తక్కినవాళ్ళు బియ్యం కోసం, పెట్రోలు కోసం, రొట్టెల దుకాణం ముందు నిలబడే చోటు కోసం పాకులాడుతుంటే, మురళీధర్ డాబా మీద ఒక కన్ను మూసుకుని కర్రలో వంపు ఉందా లేదా అని చూస్తున్నాడు.

మురళీధర్ షర్క్‌లో ఒక కట్టుబడి కంపెనీలో అంచనాల ఇంజనీరు. ఏ గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో కట్టకముందే చెప్పగలడు; కట్టిన తరువాత లెక్క తప్పితే తప్పు గోడదే అని నిరూపించగలడు. స్వస్థలం విజయవాడ సత్యనారాయణపురం. వాళ్ళది చేపను పంచాంగంలో మీనరాశిగానూ, పురాణంలో మొదటి అవతారంగానూ తప్ప మరే రూపంలోనూ ఎరగని వంశం. అటువంటి వంశోద్ధారకుడికి గాలం పిచ్చి పట్టించినవాడు పై అంతస్తులో ఉండే అతని మేనేజరు విట్‌కోంబ్ దొర.

దొరకు స్వదేశంలో ఒక చిన్న ఏరుంది. మన పంటకాలువంత. దాని ఒడ్డున కూర్చుని, దారానికి బెండు కట్టి నీళ్ళలో వదిలి, ఆ బెండు మునుగుతుందేమోనని సాయంత్రం దాకా చూడటమే జీవిత పరమార్థమని దొర సిద్ధాంతం. దొరికిన చేపను తినకూడదు. పలకరించి, తూచి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేయాలి. ఈ ఆఖరి మాట విన్నాక మురళీధర్‌కు మోక్షద్వారం తెరుచుకున్నట్టయింది. హింస లేదు, వాసన లేదు, ఇంట్లో భార్య ఉమ గొడవ లేదు. పైగా దొరతనం ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పైకి వెళ్ళి, దొర ఎదుట శిష్యుడిలా కూర్చుని కర్రల శాస్త్రం వల్లె వేశాడు. చేతిలో కర్ర, ఎదుట నీళ్ళు రెండూ కలిసి ఉన్న సందర్భం మాత్రం అతని జీవితంలో ఇంకా రాలేదు. కువైత్‌కు సముద్రం ఉంది కదా అని ఎవరైనా అంటే జాలిగా నవ్వేవాడు. సముద్రంలో చేపలు పట్టడం మోటు పని. తినేవాళ్ళు చేస్తారు.

అతని మనసులో ఉన్న ఏరు బుడమేరు. విజయవాడ వాళ్ళు ముక్కు మూసుకుని దాటే ఆ బుడమేరు ఒడ్డున, తలపాగా లాంటి టోపీ పెట్టుకుని, తేలికైన పాతకాలపు కర్రతో బెండు వదులుతూ విశ్రాంత జీవితం గడపాలని అతని సంకల్పం. ఈ సంకల్పం ఉమకు చెప్పినప్పుడు ఆమె "దోమలు కుడతాయి" అని ఒక్కమాట మాత్రం అంది.

జూలైలో దొర సెలవు మీద స్వదేశానికి వెళ్తూ, మొక్కలకు నీళ్ళు పోయమని తాళంచెవి ఇచ్చి, అలమారలోని మూడు కర్రలనూ చూపించి ఇలా సెలవిచ్చాడు: "వీటిలో ఒకటి నీది. ఏదో నేను చెప్పను. చిన్న ఏటికి పనికొచ్చేది నువ్వే తేల్చుకో. ఎంచుకున్న కర్రను బట్టే నువ్వెలాంటివాడివో తెలుస్తుంది." అంటే పరీక్ష పెట్టాడన్నమాట. ఆపైన ఆగస్టు రెండో తేదీ, దానితో ట్యాంకులూ వచ్చాయి. పరీక్షాధికారి ఆవల చిక్కుకున్నాడు, అభ్యర్థి ఈవల చిక్కుకున్నాడు. మధ్యలో సైన్యం దొర ఇంట్లోకి జొరబడి టీవీ, ఫ్రిజ్జు, ఆఖరికి స్నానాలగదిలో అద్దం కూడా మోసుకుపోయింది. కర్రలను పరదా కర్రలనుకుని నేలమీద పారేసి పోయారు. ప్రపంచంలో ఇంత అభిరుచి లేని సైన్యం ఉంటుందని మురళీధర్ అనుకోలేదు.

తెలుగువాళ్ళు పదిమంది ఒకచోట చేరితే మొదట అధ్యక్షుడు పుడతాడు, సమస్య తరువాత పుడుతుంది. ఈసారి సమస్యే ముందు పుట్టింది గనుక అధ్యక్షుడు మరీ తొందరగా పుట్టాడు. మురళీధర్ ఉండే భవనం నేలమాళిగలో చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా చేరారు. ఎక్కువమంది కడప జిల్లా వాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. వాళ్ళ కఫీళ్ళు, అంటే వీసా ఇచ్చిన యజమానులు, కొందరు సౌదీకి పారిపోయారు, కొందరు ఎండాకాలమని అంతకుముందే లండన్‌లో ఉన్నారు. బస్సులు మాట్లాడుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కణ్ణించి విమానంలో బొంబాయి పంపిస్తారని కబురు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, ప్యాంటు ఇస్త్రీ చెడనివాడు ఒక్కడే కనబడ్డాడు కాబట్టి మురళీధర్‌ను అధ్యక్షుణ్ణి చేశారు.

అధ్యక్షుడయ్యాక అతను చేసిన మొదటి పని నిబంధన రాయడం. మనిషికి ఒక్క పెట్టె. రెండున్నర అడుగులకు మించిన పొడుగు వస్తువేదీ బస్సెక్కరాదు. వైద్య అవసరానికి మాత్రం మినహాయింపు. ఈ నిబంధనకు మొదటి బలి రెడ్డెమ్మ స్టాండు ఫ్యాను.

రెడ్డెమ్మది రాయచోటి పక్క పల్లె. దగ్గరలోనే ఒక విల్లాలో పని. ఆమె 'మామా', అంటే ఇంటి యజమానురాలు, లండన్‌కు పోతూ ఇల్లు అప్పజెప్పింది. సైన్యం వచ్చి ఆ ఇల్లు ఖాళీ చేసింది. రెడ్డెమ్మ సొంతంగా కొనుక్కున్న ఫ్యానొక్కటి మంచం కింద దాచి దక్కించుకుంది. దాన్ని విప్పి, రెక్కలు ఒకవైపు, కాడ ఒకవైపు మూటగట్టి తెచ్చింది. మురళీధర్ అందరి ఎదుటా జేబులోంచి ఉక్కు టేపు తీసి కాడను కొలిచాడు.

"మూడడుగులు."

"అయితే ఏమాయె సారూ?"

"రెండున్నర దాటకూడదు."

"అరడుగు కోసం ఫ్యానొదిలేసి పోమంటారా? మా ఊర్లో ఎండాకాలం మంచం మీద నీళ్ళు చల్లుకోని పండుకుంటాం. మీకేం తెలుసు!"

"రూలంటే రూలే రెడ్డెమ్మా. ఇవాళ నీ ఫ్యాను అంటే, రేపు ఇంకొకరు మంచమంటారు."

"మంచం ఎవురడిగినారు సారూ?"

"అడుగుతారు."

రామసుబ్బయ్య మధ్యలోకొచ్చాడు. రాజంపేట వైపు మనిషి, ఒక ఇంట్లో డ్రైవరు. యజమానుల కారుతో పాటు అతని ఉద్యోగమూ సరిహద్దు దాటిపోయింది. "పోనీలేమ్మా, పానం మిగిల్తే ఇంగో ఫ్యాను కొనుక్కోవచ్చు. సారు చెప్పినాడంటే ఏదో ఉంటాది" అన్నాడు. రెడ్డెమ్మ ఫ్యాను కాడను అక్కడే గోడకు ఆనించి, రెక్కలు మాత్రం పెట్టెలో పెట్టుకుంది. కాడ లేని రెక్కలెందుకని ఎవరూ అడగలేదు. మురళీధర్ మాత్రం ఆ పూట ఇంటికి పోయి, నాయకత్వమంటే కఠిన నిర్ణయాలే సుమా అని ఉమతో అన్నాడు. ఉమ పప్పులో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

బస్సు రేపు బయలుదేరుతుందనగా కర్రల పరీక్షకు గడువు ముంచుకొచ్చింది. మురళీధర్ మూడింటినీ డాబా మీదికి చేర్చాడు.

మొదటిది పది అడుగులది, రెండు ముక్కలు. ఆసాంతం చీలిక వెదురు. అంటే వెదురును సన్నని ఆరు బద్దలుగా చీల్చి, అంచులు చెక్కి, మళ్ళీ ఒకటిగా అతికించినది. అందం అందమే గానీ బరువు. పెద్ద నదిలో పెద్ద చేపతో పెనుగులాడటానికి పుట్టిన కర్ర. చిన్న ఏటి ఒడ్డున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటిచేత్తో పట్టుకుంటే పందిరి గుంజను పట్టుకున్నట్టే ఉంటుంది. మణికట్టు మాట్లాడదు. కొట్టేశాడు.

మూడోది ప్రయాణాలకని చేసినది. పొట్టిది, నాలుగు ముక్కలు. ఏ ముక్కా రెండడుగులు లేదు. నిబంధనకు అంతకంటే విధేయమైన కర్ర లోకంలో ఉండదు. కానీ కొస ఒకవైపుకి ఒరిగిపోయింది, ముక్కలను కలిపే ఇత్తడి కీళ్ళు చెవి దగ్గర కదిలిస్తే టకటకమంటున్నాయి, పట్టుదారపు చుట్లు ఊడి మీసాల్లా లేచాయి. ఇటువంటి కర్ర పట్టుకుపోతే దొర ఏమనుకుంటాడు?

ఇక నడిమిది. పదకొండు అడుగులు, మూడు ముక్కలు. కింది రెండూ స్పెయిన్ రెల్లు, ఈకంత తేలిక. కొస మాత్రం చీలిక వెదురు. దొర పుట్టిన కాలం నాటిది. ఒక కన్ను మూసి పొడుగునా చూశాడు: బాణం. కీళ్ళు బిగించి ఊపాడు: కొస వణికి, ఒక్క క్షణంలో తనంతట తానే కుదురుకుంది. గోటితో తట్టాడు: అతుకు చెదరలేదు. దారం జారే కొస ఉంగరంలో అకీకు రాయికి చిన్న గీతయినా లేదు. చేతిలో ఉందో లేదో తెలియనంత హాయి. ఇదే చిన్న ఏటి కర్ర. ఇదే బుడమేటి కర్ర. మురళీధర్ కళ్ళు చెమర్చాయి.

ఆనందం పట్టలేక దాన్ని రెండు చేతులా ఎత్తి, లేని దారంతో లేని బెండును లేని ఏట్లోకి విసిరాడు. వీధి మలుపులో ఇసుక మూటల వెనకనుంచి ఒక కుర్ర సైనికుడు తలెత్తి చూశాడు. వాడి దేశంలో డాబాల మీద పావురాలు పెంచేవాళ్ళు పొడుగు కర్రలతో వాటిని తిప్పుతారు. వాడు ఇతన్నీ అటువంటివాడే అనుకుని, వేళ్ళు నోట్లో పెట్టుకుని పావురాలను పిలిచే ఈల వేసి, ఆకాశంలో పిట్ట కోసం వెదికాడు.

ఆ ఈల విని ఉమ పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ! కింద తుపాకులున్నాయి, పైన మీరు కర్రసాము చేస్తున్నారు. మీకేమన్నా మతుందా?"

"ఎంపిక పూర్తయింది ఉమా. ఇదే."

"ఇదే అంటే? దీన్ని తీసుకొస్తారా?"

"తీసుకురాకపోతే దోచుకుపోతారు."

"వాళ్ళు పారేసి పోయారండీ! ముక్క ఎంత పొడుగుంది?"

మురళీధర్ కొలవలేదు. మూడడుగుల ఎనిమిదంగుళాలని అతనికి కంఠతా వచ్చు.

"రెడ్డెమ్మ ఫ్యానుకు అరడుగు దగ్గర అంత రాద్ధాంతం చేశారే" అంది ఉమ. "ఆ పొట్టిదుంది కదా. నాలుగు ముక్కలది. పెట్టెలో పడుతుంది. తీసుకుంటే అదే తీసుకోండి. లేదా ఏదీ వద్దు. మనం ప్రాణాలతో బయటపడితే చాలు."

"పొట్టిది నిబంధనకు లోబడే ఉంది. అభిరుచికి లోబడి లేదు" అన్నాడు మురళీధర్ గంభీరంగా. ఇటువంటి మాటకు ఏ భార్య దగ్గరా జవాబుండదు. ఆమె కిందికి వెళ్ళిపోయింది.

రాసిన చేత్తోనే నిబంధనలో కంత వెతకడం అంచనాల ఇంజనీర్లకు వెన్నతో పెట్టిన విద్య. వైద్య అవసరానికి మినహాయింపు అని ఉండనే ఉంది. ఆ సాయంత్రం మురళీధర్ మెట్ల మీద కాలు జారి పడ్డాడు. పడినట్టు చూసినవాళ్ళు లేరు. పడ్డానని అతనే చెప్పాడు. బెండు పిడి ఉన్న కింది ముక్కను చేతికర్రగా పట్టుకుని, మూలుగుతూ నేలమాళిగలోకి దిగాడు. ఒక ముక్కకు దారి దొరికింది. మిగిలిన రెండు ముక్కల సంగతి ఏమిటా అని అతను ఆలోచిస్తుండగా, దైవం రామసుబ్బయ్య రూపంలో ముందుకొచ్చింది.

"యాడ సార్ నొప్పి? ఈడనా?"

"అబ్బా!"

"ఇంగా నొక్కలేదు సార్."

"నొక్కబోతున్నావని."

రామసుబ్బయ్య మోకాలు, పిక్క, మడమ అన్నీ తడిమి, పెదవి విరిచాడు. "ఇది పుత్తూరు కట్టు కట్టాల్సిందే. మా మామ పుత్తూరులో కట్టు కట్టేటోళ్ళ ఇంటి పక్కన పదేండ్లు కాపరముండినాడు. నాకు తెలుసు."

పక్కింట్లో కాపురముండటంతో వైద్యం అబ్బుతుందా అని అడిగే స్థితిలో ఎవరూ లేరు. కడప జిల్లాలో ఎముక విరిగితే ఆసుపత్రికి పోతారా, పుత్తూరు పోతారా అన్నది చర్చించే విషయం కాదు. పుత్తూరు పోతారు. పుత్తూరు అందనప్పుడు పుత్తూరు పేరైనా చాలు.

"గుడ్డు తెల్లసొన కావాల, మినప్పిండి కావాల, ఆకుపసరు కావాల. ఆకు ఈడ దొరకదు గాబట్టి ఎండు పుదీనా ఏసుకుందాం" అన్నాడు రామసుబ్బయ్య. "వెదురు దబ్బలే కష్టం. ఈ ఎడారిలో వెదురు యాడ తెస్తాం?"

మురళీధర్ గొంతు సవరించుకున్నాడు.

"నా దగ్గర... రెండున్నాయి."

రెడ్డెమ్మ తన పెట్టె తెరిచింది. బస్సులోకి ఉడకబెట్టుకుందామని గుడ్డలో చుట్టి దాచుకున్న మూడు గుడ్లు బయటికి తీసింది. ఆ రోజుల్లో గుడ్డు కనబడితే జనం ఆగి చూసేవారు. "తీసుకోండి సారూ. కడుపుదేముంది, కాలు ముఖ్యం" అని గిన్నె అంచుకు కొట్టింది. ఆ చప్పుడుకు మురళీధర్ మొహం తిప్పుకున్నాడు. పశ్చాత్తాపమని వాళ్ళనుకున్నారు. కాదు, వాసన.

రెల్లు ముక్కనూ, చీలిక వెదురు కొసనూ గుడ్డ సంచుల్లోంచి తీయడానికి మాత్రం అతను ఒప్పుకోలేదు. "దబ్బలకు తొడుగేంది సార్?" అంటే, "నాకు వెదురు పడదు, దద్దుర్లొస్తాయి" అన్నాడు. ఉమ పాత నేతచీర చింపి పట్టీలు చేశారు. దబ్బలు కాలికి అటొకటి ఇటొకటి పెట్టి, మడమ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ పోతే చంక దగ్గర తేలాయి.

"కాలిరిగితే చంక దాకా కట్టేది నేను ఏ ఊర్లోనూ చూడలేదబ్బా" అంది రెడ్డెమ్మ.

"గట్టిగా కట్టండి" అంది అంతవరకూ మాట్లాడని ఉమ. "ఇంకా గట్టిగా."

కువైత్ ఎండకు తెల్లసొన, మినప్పిండి కలిసి ఏమవుతాయో అంచనా వేయడం అంచనాల ఇంజనీరుకు తట్టలేదు. తెల్లారేసరికి కట్టు సిమెంటయి కూర్చుంది. కాలు వంగదు. నడుమూ వంగదు. అబద్ధం ఆడి కుంటివాడు కాబోయిన మనిషి నిజంగానే కుంటివాడయ్యాడు.

బస్సులో అతను కూర్చోలేడు కాబట్టి వెనక సీటు మొత్తం అతనికిచ్చి, ఏటవాలుగా పలక ఆనించినట్టు ఆనించారు. ఆ సీటులో కూర్చోవలసిన అయిదుగురూ వంతులవారీగా నిలబడ్డారు. రామసుబ్బయ్య నిలబడే వంతు ఎప్పటికీ అయిపోయేది కాదు. దారిలో ఆగినచోటల్లా అతన్ని దించి నిలబెట్టేవారు. అప్పుడు మురళీధర్ పిడి పట్టుకుని చేతికర్ర సాయంతో నడిచేవాడు. అయితే ఆ కర్ర అడుగున ఇత్తడి కీలు ఉంది గనుక అది దెబ్బతినకుండా నేలకు అంగుళం పైనే ఆడించేవాడు. రెడ్డెమ్మ చాలాసేపు చూసి అడిగేసింది.

"ఏం సారూ, ఆ కర్ర నేలకానదేమి?"

"ఆనిస్తే నొప్పి."

"కాలికా, కర్రకా?"

మురళీధర్ కుంటడం కాస్త పెంచాడు.

ఇరాక్‌లో యూఫ్రటీస్ దాటారు, టైగ్రిస్ దాటారు. నాగరికత పుట్టిన నీళ్ళు అవి. బస్సులో వాళ్ళంతా కిటికీలకు అతుక్కుని, అదిగో ఏరు, అదిగో పడవ, వాడెవడో వలేస్తున్నాడు అని చూపించుకున్నారు. ఏటి కోసమే ఇంత యాతన పడుతున్న మనిషి మాత్రం వెల్లకిలా పడుకుని బస్సు కప్పుకు పట్టిన తుప్పు చూస్తూ రెండు నదులనూ దాటేశాడు. చేపలున్నాయా అని ఒకసారి అడిగాడు. "ఉండాయి సార్, ఈడోళ్ళు నిలువునా చీల్చి మంట పక్కన కాలుస్తాండారు" అన్నాడు రామసుబ్బయ్య ఉత్సాహంగా. మురళీధర్ కళ్ళు మూసుకున్నాడు.

సరిహద్దులో బస్సులు దించేశాయి. అవతల జోర్డాన్ వాళ్ళ లారీలు, శిబిరం. నడుమ ఏ దేశానికీ చెందని రాళ్ళ నేల. ఎండ. వేలకొద్దీ జనం, పెట్టెలు, పిల్లలు, ఎవరో వదిలేసిన చెప్పులు. ఆ నేలను నడిచే దాటాలి. అంత దూరం అధ్యక్షుడు నడవలేడు. రామసుబ్బయ్య తన పెట్టెను రెడ్డెమ్మ నెత్తికెత్తి, కంబళి పరిచి, మురళీధర్‌ను అందులో దొర్లించి, ఇంకో ముగ్గురిని పిలిచి నాలుగు మూలలా పట్టాడు. చేతికర్రను రోగి గుండెల మీద పెట్టుకున్నాడు. చూసేవాళ్ళకు అది పాడెలాగానూ కనబడింది, పల్లకిలాగానూ కనబడింది.

"బరువుండారు సార్" అన్నాడు రామసుబ్బయ్య రొప్పుతూ.

"ఆ కట్టు బరువు" అన్నాడు మురళీధర్.

పక్కనే ఉమ నడుస్తోంది, ఒక చేత్తో తన పెట్టె, ఒక చేత్తో ఆయన పెట్టె. రాయి మీద అడుగు పడి మడమ మెలికపడింది. "అమ్మా" అని ఒక్క కేక వేసి కూలబడింది. పెట్టె తెరుచుకుని బట్టలన్నీ ఇసుకలో పడ్డాయి.

ఆ తరువాత జరిగినదానికి మురళీధర్ బాధ్యుడు కాడు. అతను ఏమీ ఆలోచించలేదు, ఏమీ అంచనా వేయలేదు. కంబళిలోంచి ఒక్క ఉదుటున లేచి, రెండు గెంతుల్లో ఉమ దగ్గరికి చేరి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఠప్ మని చప్పుడైంది. వెంటనే ఇంకొకటి, కాస్త బొంగురుగా.

నలుగురు మోసేవాళ్ళూ ఖాళీ కంబళి పట్టుకుని నిలబడిపోయారు.

"అయ్యయ్యో, ఎముకిరిగె!" అని రెడ్డెమ్మ గుండెలు బాదుకుంది.

"ఇప్పుడిరిగింది" అన్నాడు రామసుబ్బయ్య.

"అంటే, ముందిరగలేదా?" అంది రెడ్డెమ్మ, బాదుకోవడం ఆపి.

మురళీధర్ కాలు చూసుకోవడం లేదు. ఉమ మడమ పట్టుకుని చూస్తున్నాడు. అది అప్పటికే ఉబ్బుతోంది. "వంచగలవా? ఇటు వంచు" అంటున్నాడు. అతని గొంతులో అధ్యక్షుడు లేడు. ఉమ నొప్పితో పళ్ళు బిగించి అతని మొహంలోకి చూసింది. "మీ కాలు బాగైంది" అంది.

రామసుబ్బయ్య కూరగాయల కత్తి తీసుకుని వచ్చి కట్టు నిలువునా కోశాడు. గుడ్ల పెంకులాగా రాలిపోయింది. లోపల పుదీనా వాసన, గుడ్డ సంచులు. సంచుల్లోంచి వెదురు కొస రెండు ముక్కలై, రెల్లు చీలికలై బయటికొచ్చాయి. అకీకు రాయి ఉన్న చిట్టి ఉంగరం ఎండలో మెరిసింది. కాలు కాలులాగే ఉంది, నవనవలాడుతూ.

రెడ్డెమ్మ ఒక ముక్కను ఎత్తి తిప్పి చూసింది. "ఇదేం దబ్బ సారూ? ఉంగరాలుండాయి, పట్టుదారం చుట్టినారు... దీనికేమన్నా పెండ్లా?"

ఉమ చెప్పింది. "గాలపు కర్ర. చేపలు పట్టడానికి."

"సారు చేపలు తినడు గదా?"

"తినరు. పట్టి వదిలేస్తారు."

"వదిలేసేదానికి పట్టేదెందుకు?"

"అది నాగరికత" అంది ఉమ.

రామసుబ్బయ్య అందుకున్నాడు. "ఏ ఏట్లో సార్?"

"బుడమేరు" అన్నాడు మురళీధర్ నేలకేసి చూస్తూ.

రామసుబ్బయ్య ఒకప్పుడు విజయవాడలో లారీ తోలినవాడు. బుడమేరు ఎరుగును. అతని చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. రెడ్డెమ్మ మాత్రం ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, టేపు లేకపోయినా ఒడుపుగా మూరేసి కొలిచింది. "మూడడుగులు దాటినాది" అంది. "నా ఫ్యాను కంటే ఎక్కువే ఉండాది." అంతే అంది. ఆమె తిట్టి ఉంటే మురళీధర్‌కు కొంత సులువుగా ఉండేది.

తిట్టడానికి వేళ కాదు. వెదురు కొస ముక్కలను ఉమ మడమకు అటూ ఇటూ పెట్టి, అదే చీర పట్టీలతో, ఈసారి గుడ్లు లేకుండా, రామసుబ్బయ్య మళ్ళీ కట్టాడు. రెడ్డెమ్మ ఇసుకలో పడున్న పిడి ముక్కను తెచ్చి ఉమ చేతికిచ్చింది. ఉమ పిడి పట్టుకుని దాని మీద తన బరువంతా మోపి లేచి నిలబడింది. ఇత్తడి కీలు రాతి మీద కరకరమంది. మురళీధర్ నోరు తెరిచాడు. ఉమ ఆగి చూసింది. అతను నోరు మూసుకుని రెండు పెట్టెలూ ఎత్తుకున్నాడు. రామసుబ్బయ్య పెట్టె కూడా ఎత్తుకున్నాడు.

అలా అడుగడుగునా ఆ కరకర వింటూ అవతలికి చేరారు. ఏ దొర చేతిలోనూ అంత నడక నడవని కర్ర అది. దేశం చేరేసరికి దానికి ఏ కీలూ ఉండదని, ఏ కొసా దానితో ఇక కలవదని అతనికి ప్రతి అడుగుకూ తెలుస్తూనే ఉంది.

శిబిరంలో డాక్టరు ఉమ కాలు చూసి, రోగులను మొదటి విమానానికే పంపిస్తున్నామనీ, తోడుగా ఒక్కరు రావచ్చుననీ చెప్పాడు. మురళీధర్ వెంటనే పెట్టె ఎత్తాడు.

"రెడ్డెమ్మ వస్తుంది" అంది ఉమ.

"నేనుండగా..."

"మీరు అధ్యక్షులు కదండీ" అంది ఉమ ఎంతో వినయంగా. "అందరినీ ఎక్కించి, ఆఖరున మీరెక్కాలి. అదే కదా మర్యాద?"

చుట్టూ ఉన్న కడప జిల్లా మొత్తం అవునవునంది. ఇటువంటి మాటకు ఏ భర్త దగ్గరా జవాబుండదు.

రెడ్డెమ్మ ఫ్యాను రెక్కలున్న పెట్టె నెత్తిన పెట్టుకుని, ఉమ భుజం కింద చెయ్యివేసి, విమానాశ్రయానికి పోయే లారీ ఎక్కించింది. మడమకు వెదురు కొసతో, చేతిలో రెల్లు కర్రతో ఉమ కూర్చుంది. స్పెయిన్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, కువైత్‌లో ఎంపికైన ఆ తేలికపాటి పాతకాలపు కర్ర, ఆ విధంగా యజమాని కంటే ముందుగా, మర్యాదగా, భారతదేశానికి బయలుదేరింది. మురళీధర్ లారీ పక్కన పరుగెత్తాడు. ఏదో చెప్పాలని ఉంది. కీలుకు ఏదైనా గుడ్డ చుట్టమని అనబోయి, "కాలు జాగ్రత్త ఉమా" అన్నాడు. ఆమె సరేనన్నట్టు తలూపింది. నవ్విందో లేదో దుమ్ములో కనబడలేదు.

మధ్యలో విరిగిన రెల్లు ముక్కొకటి మాత్రం అతని దగ్గర మిగిలింది. దాన్నేం చేయాలో తెలియక పట్టుకుని నిలబడి ఉంటే రామసుబ్బయ్య రెండు ఖాళీ డబ్బాలతో వచ్చాడు.

"రాండి సార్. నీళ్ళ ట్యాంకరొచ్చింది, లైను చూస్తే శానా పొడుగుండాది. ఇంగ మీరూ నిలబడొచ్చు గదా."